కుక్కకు వేసిన కార్జం

మాది మహబూబ్‌నగర్ దిక్కు, గొర్ల మందలున్న ఊరు. పండుగకైనా జాతరకైనా యాటను కోస్తే కత్తి పట్టేది నేనే. ముసలి గొర్రె అయితే కార్జం మీద, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన తెల్లటి బుడగలు అప్పుడప్పుడు కనబడేవి. ఆ ముక్క కోసి, వాకిట్లో కాచుక్కూర్చున్న కుక్కకు వేసేవాణ్ణి. మనం తినేది కాదు, నోరులేని జీవానికి పెడితే పుణ్యమనుకున్నా.

మా ఆవిడకు కుడి డొక్కలో బరువు మొదలైతే గ్యాస్ అని మాత్రలు తెచ్చిచ్చాను. చివరికి స్కానింగ్‌లో లివర్‌లో పెద్ద నీటితిత్తి బయటపడింది. డాక్టర్ మొదట అడిగింది గొర్ల గురించీ కుక్కల గురించీ.

"చెడ్డ కార్జం మేమెన్నడూ తినలేదు సార్" అన్నాను.

"తిన్నా ఈ జబ్బు రాదు. కుక్కకు పెడితేనే వస్తుంది."

ఆ బుడగలో ఉండేవి బద్దెపురుగు పిల్లలు. కుక్క పేగుల్లో పెరిగినా ఒక్కోటి బియ్యపుగింజంత ఉండదు. ఏడెనిమిది వారాలకు వాటి గుడ్లు కుక్క మలంలో పడతాయి. గడ్డితో గొర్రె తింటుంది, మట్టిచేతులతో, కడగని కూరాకుతో మనం మింగుతాం. తిత్తి ఏళ్లతరబడి నొప్పి తెలియకుండా పెరుగుతుంది. కుక్క మాత్రం హుషారుగా తోకాడిస్తూ తిరుగుతుంది, దాన్ని చూసి ఎవరికి అనుమానమొస్తుంది? ఏ కుక్క వల్ల, ఏ ఏడాది సోకిందో చెప్పలేమన్నారు డాక్టర్. సరే, కానీ రోజూ ఆ వాకిలి ఊడ్చింది ఆమె.

ఆల్బెండజోల్ వాడి, ఆపరేషన్ చేశారు. తిత్తి లోపల పగిలితే ప్రాణం మీదికొస్తుందట, ఆ నీళ్లు చిందినచోట కొత్త తిత్తులు మొలుస్తాయట. ఆ మాట విన్నాక థియేటర్ బయట నేనెలా కూర్చున్నానో చెప్పలేను.

ఒకప్పుడు ఐస్‌లాండ్‌లో ఈ జబ్బు ఇంతకంటే ఘోరంగా ఉండేది. 1863లో డెన్మార్క్ నుంచి హరాల్డ్ క్రాబె అనే శాస్త్రవేత్త వెళ్లి అక్కడి కుక్కల పేగులు పరీక్షించాడు. తర్వాత జనం కోసం చిన్న పుస్తకం రాశాడు. చెడ్డ అవయవాలు కుక్కలకు అందనీయకుండా చట్టాలొచ్చాయి. ఇవాళ మనం కుక్కలకు వేసే ప్రాజిక్వాంటెల్ అప్పటికి పుట్టనే లేదు. అయినా అక్కడ ఈ జబ్బు అంతరించింది. మనకు మందూ ఉంది, పశువుల డాక్టరూ ఉన్నాడు, లేనిదల్లా పట్టింపు.

యాటను కోసే అన్నలారా, బుడగలున్న కార్జాన్ని కాల్చేయండి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చండి. మంద కుక్కలకు పశువుల డాక్టర్ చెప్పిన గడువు తప్పకుండా పురుగుల మందు వేయించండి.