చంద్ర, భాగల వెంట... లేహ్ దాకా!

మనాలీ నుంచి లేహ్‌కి సుమారు 430 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఉన్నంత దూరం. మనకైతే ఒక రాత్రి బస్సు ప్రయాణం. హిమాలయాల్లో మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. వేసవి మొదలు అక్టోబరు దాకా మాత్రమే తెరిచి ఉండే ఆ దారిలో రాజమండ్రి జంట ఒకటి జూలైలో ప్రయాణించింది. ఆయన బ్యాంకులో, ఆవిడ టీచరుగా రిటైరయ్యారు. గోదావరి గట్టున పెరిగిన ఇద్దరికీ చెట్టన్నదే లేని కొండల్ని చూడటం అదే మొదలు.

మనాలీలో వాన. దేవదారు చెట్ల మధ్య నుంచి టాక్సీ అటల్ సొరంగంలోకి దూరింది. 2020 అక్టోబరులో ప్రారంభమైన ఈ 9 కిలోమీటర్ల సొరంగం లేనప్పుడు 3,978 మీటర్ల ఎత్తున్న రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగాల్సిందే. అవతల తేలేసరికి వాన లేదు! ఋతుపవన మేఘాల్ని చాలావరకు పీర్ పంజాల్ పర్వతాలు ఇవతలే ఆపేస్తాయి. అందుకే లాహౌల్ లోయలో బూడిదరంగు కొండల మధ్య బఠాణీ, బంగాళాదుంప పొలాలే పచ్చగా కనిపిస్తాయి.

తాండి దగ్గర చంద్ర, భాగ నదులు కలిసి చీనాబ్ అవుతాయి. రెండూ బారాలాచా కనుమ దగ్గరే పుట్టి చెరోవైపు పారుతాయి. చంద్రుడి కూతురు చంద్ర, సూర్యుడి కొడుకు భాగ ప్రేమించుకుని, కొండని చెరోవైపు నుంచి చుట్టి వచ్చి ఇక్కడ కలుసుకున్నారని స్థానికులు చెప్పుకుంటారు.

జిస్పా చేరేసరికి ఆవిడకి తలపోటు, వికారం. ఆయన హుషారుగానే ఉన్నారు. రాత్రి బస సర్చూ గుడారాల్లో. అడ్వాన్సు కట్టేశారు. మాత్ర వేసుకుంటే తగ్గిపోతుంది, పోదామన్నారాయన. తన వల్ల ప్రయాణం ఆగడమేమిటని ఆవిడా ఊగిసలాడారు. లాహౌలీ డ్రైవరు మాత్రం బండి తీయలేదు. జిస్పా ఎత్తు సుమారు 3,200 మీటర్లు, సర్చూ దాదాపు 4,300. రాత్రి అక్కడ ఊపిరాడకపోతే వెంటనే కిందికి దిగాలి. దిగాలంటే ముందు ఎక్కాలి! వెనక్కి వస్తే 4,900 మీటర్ల బారాలాచా, ముందుకెళ్తే 5,000 దాటిన లాచులుంగ్ కనుమ. తలపోటు తగ్గకుండా ఇంకా పైకి వెళ్తే మెదడులో, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చని డాక్టర్లూ హెచ్చరిస్తారు.

సర్చూ డబ్బులు వదులుకున్నారు. రెండు రాత్రులు జిస్పాలోనే, భాగ ఒడ్డున గడిపారు. తలపోటు పూర్తిగా తగ్గాక, మూడోరోజు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరారు. ఎండెక్కితే మంచు కరిగి వాగులు రోడ్డు మీదికి వస్తాయి. పొద్దున్నే దాటేయాలి.

బారాలాచా దాటారు. గాటా లూప్స్‌లో 21 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కారు. పాంగ్ తర్వాత మోరే మైదానం... 4,700 మీటర్ల ఎత్తున, 40 కిలోమీటర్ల పొడవునా బల్లపరుపు నేల! అక్కడక్కడా చాంగ్‌పా సంచార కాపర్ల గొర్రెల మందలు. ఐదు వేల మీటర్లు దాటిన తంగ్‌లంగ్ కనుమ మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు సగమే. అక్కడ నాలుగడుగులు వేసేసరికి ఆయాసం వచ్చింది ఆయనకి. ఈసారి ఆవిడ ఆగారు. సాయంత్రానికి ఉప్షీ దగ్గర సింధు నది కనిపించింది. చీకటి పడ్డాక లేహ్ చేరారు.

జిస్పాలో ఆగినందుకు పాంగాంగ్ సరస్సు చూడటం కుదరలేదు. తిరుగు విమానానికి రోజులు మిగల్లేదు మరి. ఈ దారిన వెళ్లేవాళ్లు రెండు రోజులు అదనంగా ఉంచుకోవడం మేలు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు డాక్టరు సలహా తీసుకున్నాకే టికెట్లు కొనుక్కోవాలి. ఇక దారిలో ఎంత వేగంగా పైకెక్కాలన్నది ఇద్దరిలో ముందు అలసిపోయినవాళ్లే తేల్చాలి.