లిదిత్సె - పటం నుండి తుడిచిన ఊరు

ప్రాగ్ నగరానికి వాయవ్యాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో లిదిత్సె అనే చెక్ పల్లె ఉన్నది. లోతులేని లోయ, అందులో ఒక వాగు, చెరువు, చర్చి, బడి. మగవారిలో పెక్కుమంది సమీపాన క్లాద్నో గనులలోను, ఉక్కు కర్మాగారాలలోను పనిచేసేవారు. 1942కు పూర్వం దీని చరిత్ర ఇంతే. ఏ ఊరికైనా ఇంతకంటె భాగ్యమేమున్నది?

ఆ యేడు ప్రాగ్‌లో జరిగిన దాడిలో గాయపడి నాజీ అధికారి హైడ్రిక్ జూన్ 4న మరణించాడు. ఆ దాడితో ఈ ఊరికి ఏ సంబంధమూ లేదు. అయినను జూన్ 10న ఒక రైతు తోటలో 173 మంది పురుషులను కాల్చిచంపారు. స్త్రీలను రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరానికి తరలించారు. కసి తీరలేదు. ఇండ్లు తగులబెట్టి, శ్మశానం త్రవ్వి, చెరువు పూడ్చి, వాగు దారిని సైతం మళ్ళించారు. మనుషులను చంపిన ప్రభువుల గురించి చాలా చదివాను. భూగోళాన్నే చంపబూనిన వారిని ఇక్కడే చూశాను.

యుద్ధానంతరం ప్రక్కనే కొత్త లిదిత్సె వెలసింది. పాత చోటు పచ్చిక బయలు. అక్కడ, ఖెల్మ్నోలో విషవాయువుకు బలియైన 82 మంది పిల్లల కంచు ప్రతిమలున్నవి. 42 మంది ఆడపిల్లలు, 40 మంది మగపిల్లలు. మలచిన శిల్పి మరియే ఉఖితిలోవా 1989లో మరణించగా, కంచు పని ఆమె భర్త పూర్తిచేయించాడు.

ఆ సంఖ్యలు చూడగానే, పాత అలవాటు కాబోలు, హాజరుపట్టీ కళ్ళముందు మెదిలింది. రెండు సెక్షన్ల పిల్లలు! ఛాయాచిత్రం ముందుంచుకొని లెక్కపెట్టబోయాను. వెనుక వరుసలోని వారిని ముందువారు కప్పివేశారు. మూడుసార్లు ప్రయత్నించినా లెక్క కుదరలేదు.