ప్రార్థన కొండ

ఒంగోలు వెళ్లినవారు ప్రార్థన కొండ ఎక్కకుండా తిరిగి రావద్దు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఇక్కడ మోకరించారు. పద్దెనిమిదేళ్ల సేవకు ఫలం బహు స్వల్పం. మిషను మూసేద్దామని అమెరికాలో మాట నడుస్తున్న రోజులు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వారు దేవుణ్ణి అడిగారు. క్లౌ దొరగారు వచ్చింది 1866లో! 1878లో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని ప్రసంగాల్లో చెబుతాం గాని, ఆ పన్నెండేళ్ల ఊసెత్తం. మిరప రైతుకు కావలసింది ఆ పన్నెండేళ్లే.

2021లో నల్లతామర పురుగు పూతంతా పాడుచేసిన ఏడు, మా సంఘస్థుడొకరు "అయ్యగారూ, ప్రార్థనకు కళ్లు మూస్తే అప్పే కనబడుతోంది" అన్నాడు. ఆ అప్పునే ప్రభువుకు చెప్పమన్నాను. కౌలు, పురుగుమందుల కొట్టు బాకీ, వడ్డీ, ఒక్కొక్కటే చెప్పాడు. ఆమేన్ అనడానికి చాలాసేపు పట్టింది.