పుష్య శుద్ధ పంచమి

కాకినాడకు దక్షిణమున, గౌతమి సముద్రమును చేరు చోటికి సమీపమున, కోరంగి యను గ్రామము కలదు. ఒకప్పుడది ఓడలు కట్టిన పెద్ద రేవు. 1839లో వచ్చిన ఉప్పెన దానిని ముంచివేసినది. రేవు పోయినను పేరు మిగిలినది. పొట్టకూటికై ఈ తీరమునుండి బర్మాకు పోయిన తెలుగువారిని అచ్చట ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. కళింగపట్నమున ఓడ యెక్కినవాడును కోరంగీయే; విశాఖపట్నమున ఎక్కినవాడును కోరంగీయే.

ఆ ప్రాంతమున ఒక కుటుంబములో ఒక కథ తరతరములుగా చెప్పుకొనుచుండిరి. ఇంటి యజమాని విశాఖపట్నపు రేవులో గుమాస్తాగా ఉండెననియు, జపానువారు బాంబులు వేసిన నాడు అచ్చటనే మరణించెననియు ఆ కథ. అప్పటికి ఆయన కుమారునికి నాలుగేండ్లు. ఆ కుమారుడు పెద్దవాడై, వృద్ధుడై, తన కూతురికి ఈ కథనే చెప్పెను. విశాఖపట్నము పోయినప్పుడెల్ల ఆయన సముద్రపుటొడ్డున నిలిచి, రేవు వైపు తిరిగి, దోసెడు నీళ్లు విడిచి వచ్చెడివాడు.

కథ నమ్మదగినదే. విశాఖపట్నపు కొత్త రేవు 1933లో ప్రారంభమైనది. 1942 ఏప్రిల్ 6వ తేదీన ‘ర్యూజో’ అను జపాను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్నము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. చనిపోయినవారు కొద్దిమందే యైనను, భయముతో పట్టణములు విడిచి పల్లెలకు పోయినవారు లెక్కకు మిక్కిలి. నాడు పడిన బాంబు నొకదానిని విశాఖ మ్యూజియములో ప్రదర్శనకు ఉంచిరి.

కూతురు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించు ఉపాధ్యాయిని. ఆమెకు కథపై సందేహము లేదు. తాతగారి పేరు ఏదో యొక కాగితము మీద అచ్చులో చూడవలెనని మాత్రము కోరిక. సెలవులలో రెండుమారులు విశాఖపట్నము పోయెను, పెద్దలను అడిగెను, పాత పుస్తకములు తిరుగవేసెను. పేరు దొరకలేదు.

ఆ యేడు తద్దినమునకు పురోహితునికి చీటీ వ్రాయుచు ఆమె ‘పుష్య శుద్ధ పంచమి’ అని వ్రాసెను. వ్రాసి, కలము చేతిలో పట్టుకొని అట్లే కూర్చుండెను. పుష్యమాసము సంక్రాంతి నాటిది. బాంబులు పడినది ఏప్రిల్‌లో, అనగా చైత్రమున. ఇన్నేండ్లుగా ఈ రెండింటిని ఎవ్వరును ప్రక్కప్రక్కన పెట్టి చూడలేదు! ఇంటిలో తిథి, బడిలో తేదీ. ఒకటి వంటింటి గోడమీది పంచాంగములో ఉండును, మరియొకటి చరిత్ర పుస్తకములో ఉండును. ఆ రెండింటికి నడుమ రాకపోకలు లేవు.

తండ్రిని అడుగగా ఆయన, “తిథీ మా అమ్మ చెప్పినదే, కథా మా అమ్మ చెప్పినదే. ఏది కాదందునమ్మా?” అనెను.

అటకమీది ట్రంకు పెట్టె దింపిరి. అందులో చెదలు తిన్న నోట్లు, ఒక ఇత్తడి మరచెంబు, గుడ్డలో చుట్టిన మనియార్డరు కూపనులు ఉండెను. కూపనులపై ముద్ర విశాఖపట్నముది కాదు, రంగూనుది. కడపటిది 1941 నవంబరు నాటిది. దానిపై సన్నని అక్షరములతో, “సంక్రాంతికి ఇల్లు చేరెదను” అని ఉండెను. ఆయన మొదట విశాఖపట్నపు రేవులో పనిచేసి, ఎక్కువ జీతమునకు ఆశపడి ఓడ యెక్కినట్లు ఆ కూపనులను వరుసగా చదివిన మీదట తెలిసెను.

తరువాత ఆమె వృషనామ సంవత్సరపు పంచాంగమును సంపాదించెను. పంచాంగమును మూఢవిశ్వాసముల మూట అని త్రోసివేయువారు కలరు. అది మొదట దినములు లెక్కించు పుస్తకమని వారు మరతురు. ఆ సంవత్సరమున పుష్య శుద్ధ పంచమి 1941 డిసెంబరు 23, మంగళవారము నాడు వచ్చినది. రంగూనుపై మొదటిసారి బాంబులు పడిన దినము అదే.

1931 జనాభా లెక్కల నాటికి రంగూను వాసులలో సగమునకు పైగా భారతీయులు. రేవులో బస్తాలు మోసినవారిలో అధికులు తెలుగువారు. మేస్త్రీలు పల్లెలకు వచ్చి, బయానా ఇచ్చి, ఓడ యెక్కించి తీసికొనిపోయెడివారు. మూటలు లెక్కించుటకు నాలుగు ముక్కలు చదువుకొన్న గుమాస్తాలు కావలసివచ్చెడివారు. అంతకుముందు వైమానిక దాడి ఎరుగని నగరమది. ఆ నాడు పట్టపగలు విమానములు వచ్చినప్పుడు జనులు దాగుకొనుటకు మారుగా వీధులలోనికి వచ్చి, ఆకాశము వంక చూచుచు నిలిచిరి. వేయిమందికి పైగా మరణించుటకు అదియొక కారణము. ఒక దినము విడిచి, 25వ తేదీన, మరల దాడి జరిగినది. కూలీలు పారిపోగా ఓడలలోని సరకు ఓడలలోనే ఉండిపోయెను. 1942 మార్చి 8వ తేదీన జపాను సైన్యము రంగూనును పట్టుకొనెను. లక్షలకొలది భారతీయులు అరకాను కనుమల వెంటను, మణిపురము వైపునను నడిచి స్వదేశమునకు బయలుదేరిరి. దారిలో రోగములకును ఆకలికిని బలియైనవారెందరో!

నడక మాట వినగానే తండ్రికి మరుగుపడిన జ్ఞాపక మొకటి కదలినది. వీధియరుగుపై గడ్డము పెరిగిన మనిషి యొకడు కూర్చుండెను. వాని పాదములు బూరెలవలె వాచి యుండెను. అమ్మ కుండతో నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టి, లోపలికి పోయి తలుపు మూసికొనెను. అప్పుడు ఊరిలో ఎడ్లబండ్లు వరుసగా పోవుచుండెను.

ఆ బండ్లు కాకినాడ విడిచి పల్లెలకు పోవువారివి. కావున అది ఏప్రిల్ మాసమే. మరణము పుష్యమున జరిగినను, దాని వార్త కాలినడకన వచ్చి చేరుసరికి చైత్రమైనది. బాంబుల మాట ఊరంతట వినబడుచున్న వారముననే ఈ మాటయు వచ్చినది. అమావాస్య వెళ్లిన అయిదవ నాడని ఆ సహచరుడు చెప్పియుండును. అమ్మ తిథిని పట్టుకొనెను.

“ఆమె విశాఖపట్నము అనెనా, నాన్నగారూ?” అని కూతురు అడిగెను.

ఆయన చాలసేపు ఆలోచించెను. “లేదమ్మా. ‘రేవులో బాంబు పడి పోయినారు’ అనెడిది. అంతే.”

రేవు! అది యే రేవని ఆమె చెప్పలేదు, పిల్లవాడు అడుగలేదు. ఊరివారు తమకు తెలిసిన రేవును ఆ మాటలో కలిపిరి. ఆ యిల్లాలు అబద్ధమాడలేదు, ఎవ్వరును ఆడలేదు.

ఉపాధ్యాయిని అంతటితో ఊరకుండలేదు. పాత పత్రికలకు పేరుపొందిన వేటపాలెపు సారస్వత నికేతనమునకు పోయి ఆ కాలపు సంపుటములు చూచెను. దాడి వార్త కలదు. చనిపోయిన కూలీల పేర్లు లేవు. ఆ యుద్ధమున మరణించిన పౌరుల పేర్లను బ్రిటిషు సామ్రాజ్యపు యుద్ధసమాధుల సంఘము ఏడు సంపుటములుగా కూర్చినది. అవి లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఉన్నవి. ఇంచుమించు 67,000 పేర్లు. ఇంటిపై బాంబు పడి చనిపోయిన పసిబిడ్డకును అందులో ఒక పంక్తి కలదు. ఆమె తాతగారి పేరును ఇంగ్లీషులో ఎన్ని విధముల వ్రాయవచ్చునో అన్ని విధముల వ్రాసి వెదకెను. ఆయనకు పంక్తి లేదు.

ఇదంతయు తండ్రికి ఎట్లు చెప్పుట? ఎనుబది దాటిన మనిషి. జీవితమంతయు ఒక రేవు వైపు తిరిగి నీళ్లు విడిచినవాడు. ఆమె వారము దినములు వెనుకాడి, ఒక సాయంకాలము కూపనులను వరుసగా పేర్చి, అంతయు చెప్పెను. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్నయు వేయలేదు. చివరకు కడపటి కూపనును చేతిలోనికి తీసికొని, “సంక్రాంతికి వత్తుననెను గదా, అప్పటికి టిక్కెట్టు కొనియుండునా?” అనెను.

ఆ ప్రశ్నకు ఏ గ్రంథాలయమునను జవాబు లేదు.

మరునాడు ఆమె ఒక కొత్త నోటుపుస్తకమున మొదటి పుటలో తాతగారి పేరు, దాని క్రింద ‘రంగూను రేవు, 23-12-1941, వృష పుష్య శుద్ధ పంచమి’ అని వ్రాసి తండ్రికి చూపెను. ఆయన కండ్లద్దములు పెట్టుకొని, పుటను వెలుతురు వైపు త్రిప్పి, “ఇంటిపేరు వ్రాయలేదేమమ్మా?” అని కలమును తానే అందుకొనెను.