పుల్లీకి ముందు థర్మామీటర్

ముంబయి గ్రాంట్ రోడ్ స్టేషన్ చుట్టుపక్కల నేను తిరిగి చూసినంతలో కారుకు బలం పెంచుకునే సరుకు రెండు చోట్ల దొరుకుతుంది. ఒపేరా హౌస్ వైపు విడిభాగాల దుకాణాలు, లామింగ్టన్ రోడ్డులో మల్టీమీటర్లు, సెన్సర్లు అమ్మే ఎలక్ట్రానిక్స్ కొట్లు. ఇంకాస్త ముందుకెళ్తే కామాఠీపురా, ఈ నగరం కట్టడానికి రాయీ మట్టీ మోసిన తెలుగు కూలీలు స్థిరపడ్డ సందులు. ఒక్క గది సంసారాల ఆ చాళ్లలో ‘ఇంటి దగ్గరే ఇంజన్ పని’ అంటే రోడ్డు వారగా బానెట్ ఎత్తడమే. అలాంటి చోట సూపర్‌చార్జర్ కారుకు శక్తి పెంచాలనుకునేవాడు ముందు వెళ్లాల్సింది లామింగ్టన్ రోడ్డుకని నా వాదన.

సూపర్‌చార్జర్‌ను తిప్పేది ఇంజన్ బెల్టే. దాని పుల్లీ వ్యాసం 15 శాతం తగ్గిస్తే అది దాదాపు 18 శాతం వేగంగా తిరిగి ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోస్తుంది. మిగతా మార్పులతో పోలిస్తే ఖర్చు తక్కువ, అందుకే ఊరిస్తుంది. కానీ నొక్కిన గాలి వేడెక్కుతుంది. 35 డిగ్రీల ముంబయి గాలిని ఒకటిన్నర రెట్ల పీడనానికి తెస్తే ఏ నష్టమూ లేని ఆదర్శ యంత్రంలోనే 38 డిగ్రీలు పెరుగుతుంది. 60 శాతం సామర్థ్యమున్న దాంట్లో 63. అంటే దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు చేరే గాలి వంద డిగ్రీలకు దగ్గర. ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో ఆ ఇంటర్‌కూలరూ కాగిపోయి ఉంటుంది. స్పార్క్ మంట చేరకముందే పెట్రోలు తనంతట అంటుకుంటే అది నాకింగ్, పిస్టన్లు పోయేది దానితోనే. గాలి వేడి ఎంతో, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం ఎంత పలచనో కొలవకుండా పుల్లీ మార్చడం జూదం.

బెంజ్ కంపెనీయే ఒకే 1.8 లీటర్ కంప్రెసర్ (అంటే సూపర్‌చార్జర్) ఇంజన్‌ను సీ క్లాస్‌లో 143, 163, 192 హార్స్‌పవర్‌లుగా అమ్మింది కదా అనవచ్చు. అమ్మింది, అయితే ప్రతిదానికీ ఇంధనం, స్పార్క్ లెక్కలు వేరుగా కుదిర్చి అమ్మింది. నాక్ సెన్సర్ కాపాడుతుందన్న మాటలో ఇంకాస్త పస ఉంది. కాపాడుతుంది, స్పార్క్‌ను ఆలస్యం చేసి. దాంతో కొనుక్కున్న శక్తిలో కొంత అక్కడే పోతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. 100 ఆక్టేన్ పెట్రోలు నాకింగ్‌ను దూరం నెడుతుంది గానీ, ఇంజెక్టర్లు చాలక పలచబడ్డ మిశ్రమాన్ని చిక్కన చేయలేదు. ఇక చట్టం. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఉన్న ఇంజన్ వేడిని ఒక వేసవంతా కొలిచి రాసుకోవడానికి ఆ సెక్షన్ అడ్డు రాదు.