రాయడానికి ఏముంది మేడం?



పేరెంట్-టీచర్ మీటింగ్‌లో నన్ను అడిగే ప్రశ్నలు మామూలుగా మూడే. మార్కులు ఎందుకు తగ్గాయి, ఇంగ్లిష్ ధైర్యంగా మాట్లాడాలంటే ఏం చేయాలి, చేతిలోంచి ఫోన్ ఎలా తీయించాలి. ఈ ఏడాది నాలుగో ప్రశ్న వచ్చి చేరింది. చిన్నవాడి ప్రోగ్రెస్ రిపోర్ట్ మీద సంతకం పెట్టాక, లేవబోతూ అడుగుతున్నారు: "మేడం, మా పెద్దమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. లింక్డ్‌ఇన్‌లో ప్రొఫైల్ పెట్టుకోమన్నారట కాలేజీలో. అది కూడా ఫేస్‌బుక్ లాంటిదేనా? పెట్టనివ్వొచ్చా?"

వెనక మరో పదిమంది కుర్చీల్లో ఎదురుచూస్తుంటే రెండు నిమిషాల్లో తేలే మాట కాదిది. అందుకే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను. ఇంట్లో డిగ్రీయో బీటెక్కో చదివే పిల్లలు ఉంటే వాళ్లతో కలిసి చదవండి. అంతా మన స్కూల్లో చదివే వయసువాళ్లే అయితే చివరి భాగం మీకోసమే.

అసలు ఇది దేనికి?

లింక్డ్‌ఇన్ 2003లో అమెరికాలో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది. ఫేస్‌బుక్‌లో పెళ్లి ఫొటోలు, పండగ ముచ్చట్లు పెడతాం. ఇక్కడ పెట్టేది చదువు, పని, నేర్చుకున్న విద్య. కంపెనీల్లో ఉద్యోగులను ఎంపిక చేసే హెచ్ఆర్ వాళ్లు ఇందులో మాటలు కొట్టి మనుషులను వెతుకుతారు. "జావా, ఫ్రెషర్, హైదరాబాద్" అని కొడితే, ఆ మాటలు తమ ప్రొఫైల్‌లో రాసుకున్నవాళ్లు కనిపిస్తారు. రాసుకోనివాళ్లకు ఎంత వచ్చినా కనిపించరు. బజార్లో కొట్టుకు బోర్డు ఎంత అవసరమో ఇదీ అంతే. ఖాతా ఉచితం. నెలనెలా డబ్బు కట్టే ప్రీమియం చదువుకునే పిల్లలకు అక్కర్లేదు.

నేను బీఈడీ ముగించాక ఉద్యోగం వెతుక్కున్నది పేపర్ ప్రకటనల్లో. బయోడేటా పట్టుకుని స్కూలు స్కూలుకూ తిరిగి డెమో క్లాసులు చెప్పాను. టీచర్లకు ఇప్పటికీ ఆ దారి చాలావరకు నడుస్తుంది. ఇంజినీరింగ్, డిగ్రీ పిల్లలకు అది సరిపోదు. పెద్ద కాలేజీలకైతే కంపెనీలు నడిచి వస్తాయి. చిన్న ఊళ్ల కాలేజీలకు వచ్చేవి తక్కువ. మిగిలిన దారి రిఫరల్, అంటే కంపెనీలో పనిచేసే వ్యక్తి "ఈ అబ్బాయిని ఒకసారి చూడండి" అని లోపలి నుంచి పేరు పంపడం. మేనమామో పెద్దనాన్న కొడుకో గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంటి పిల్లలకు అది ఒక ఫోన్ కాల్ దూరం. అలాంటి బంధువు లేని ఇంటి పిల్లల సంగతి?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురైంది కాదు, మా ఇంట్లోనే ఎదురైంది.

మా చెల్లి ప్రొఫైల్

తెనాలిలో మా చిన్నాన్నకు జిరాక్స్, స్టేషనరీ షాపు ఉంది. వాళ్లమ్మాయి బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. దసరా సెలవులకు వెళ్లినప్పుడు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, "అక్కా, నీకు ఇంగ్లిష్ వచ్చుగా, ఇది నింపిపెట్టవా?" అంది. పక్కనే ఉన్న చిన్నాన్న నిట్టూర్చాడు. "ఏం నింపితే ఏముందిలే అమ్మా, అక్కడ మనకెవరున్నారు?"

అప్పటికే ఆమె కొంత రాసుకుంది. పేరు కింద "పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం కోరుతున్నాను" అని ఇంగ్లిష్‌లో ఉంది. ఆ వాక్యం మీరూ చూసే ఉంటారు. ఏళ్ల తరబడి రెజ్యూమె నుంచి రెజ్యూమెకు కాపీ అవుతూ వస్తోంది. కింద నాలుగు గుణాలు: హార్డ్‌వర్కింగ్, సిన్సియర్, డైనమిక్, ప్యాషనేట్. అనుభవం అన్నచోట ఖాళీ.

"రాయడానికి ఏముందక్కా? నేనేం చేశాను గనక?"

నేను వెంటనే ఏమీ రాయలేదు. ఆ సాయంత్రం షాపులో ఆమె పక్కన కూర్చున్నాను. గంటన్నరలో ఆమె ముగ్గురు పిల్లలకు స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపింది. ఒకరి పేరు ఆధార్‌లో ఒకలా, టెన్త్ మెమోలో ఇంకోలా ఉంటే పట్టుకుని, ముందు అది సరిచేయించుకు రమ్మని పంపింది. చుట్టుపక్కల స్కూళ్లు, ట్యూషన్ సెంటర్లు ఖాతా మీద తీసుకునే జిరాక్సుల లెక్క ఇదివరకు చిన్నాన్న నోట్‌బుక్‌లో ఉండేది. ఎవరు ఎంత బాకీయో, ఎప్పటి నుంచో ఒక్క చూపులో తెలిసేలా దాన్ని ఎక్సెల్‌లోకి మార్చింది ఆమే. ఎవరూ నేర్పలేదు. వీడియోలు చూసి నేర్చుకుంది.

"ఇది రాద్దాం," అన్నాను.

ఆమె ముఖం మారిపోయింది. "వద్దక్కా. క్లాసువాళ్లు చూస్తారు. జిరాక్స్ షాపని..." అంటూ ఆగిపోయింది. మూడేళ్లుగా కాలేజీలో "నాన్న బిజినెస్" అని మాత్రమే చెబుతోందట.

నేను గట్టిగా వాదించలేదు. ఒక్కటే అడిగాను. "ఇంటర్వ్యూలో 'ఎక్సెల్ ఎక్కడ వాడావు?' అంటే ఏం చెబుతావు?" కాసేపు ఆలోచించి, తనే టైప్ చేయడం మొదలుపెట్టింది. తప్పులు దిద్దడం వరకే నా పని. చివరికి తయారైనదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "కుటుంబ వ్యాపారం, తెనాలి. పార్ట్‌టైమ్, నాలుగేళ్లు. ఖాతాదారుల బకాయిల లెక్కలను నోట్‌బుక్ నుంచి ఎక్సెల్‌కు మార్చి నిర్వహిస్తున్నాను. విద్యార్థుల ఆన్‌లైన్ దరఖాస్తులను సర్టిఫికెట్లతో సరిచూసి నింపుతాను."

రాత్రి చిన్నాన్న చదివి వినిపించమన్నాడు. ఇంగ్లిష్‌లో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. ఆయన అంతా విని, "నాలుగేళ్లేంటే? తొమ్మిదో తరగతి నుంచి కూర్చుంటున్నావు. ఆరేళ్లు దాటింది. సరిగ్గా రాయి," అన్నాడు. ఆమె నవ్వుకుంటూ దిద్దింది.

ఫొటో దగ్గర మాత్రం ఆయన ఒప్పుకోలేదు. "ఆడపిల్ల ఫొటో ఇంటర్నెట్‌లో దేనికమ్మా? ఎవడైనా తీసుకుని ఏదైనా చేస్తే?" ఆ భయాన్ని నేను పాతకాలం మాట అనను. వార్తలు మనమందరం చూస్తున్నాం. సెట్టింగ్స్‌లో ఫొటో ఎవరికి కనిపించాలో ఎంచుకునే వీలుంది. అందరికీ కాకుండా, తను కనెక్షన్‌గా ఒప్పుకున్నవాళ్లకే కనిపించేలా పెట్టి ఆయనకు చూపించాం. ఆయన భయం తగ్గింది, ఆమె పనీ ఆగలేదు. మీ ఇంట్లోనూ ఈ వాదన వస్తే "వద్దు", "పెట్టాల్సిందే" అనే రెండు మాటల మధ్య ఈ దారి కూడా ఉందని గుర్తుంచుకోండి.

ఏం రాయాలి, ఎలా రాయాలి?

పేరు కింద ఉండే వరుసను హెడ్‌లైన్ అంటారు. 220 అక్షరాల వరకు రాయొచ్చు. "స్టూడెంట్" అని వదిలేయకుండా ఏం చదువుతున్నారో, ఏం వచ్చో, ఏ పని వెతుకుతున్నారో మూడు ముక్కల్లో చెప్పాలి. "ఈసీఈ మూడో సంవత్సరం, పైథాన్, ఎక్సెల్, టెస్టింగ్ ఇంటర్న్‌షిప్ కోసం చూస్తున్నాను" అంటే చాలు. వెతికేవాళ్లు కొట్టే మాటలు ఇవే.

తర్వాత అబౌట్. దానికి 2,600 అక్షరాల చోటుంది కదా అని నింపేయకండి. అయిదారు వాక్యాలు చాలు. నేను క్లాసులో పిల్లలకు చెప్పేదే ఇక్కడా వర్తిస్తుంది: గుణం పేరు చెప్పొద్దు, చేసిన పని చెప్పండి. "హార్డ్‌వర్కింగ్" అని ఎవరైనా రాసుకోగలరు. "నోటిఫికేషన్ల సీజన్‌లో రాత్రి పది దాకా దరఖాస్తులు నింపాను" అన్నది చేసినవాళ్లే రాయగలరు.

ప్రాజెక్టుల దగ్గర టీమ్ ఏం చేసిందో ఒక వాక్యం, అందులో మీ అమ్మాయి లేదా అబ్బాయి చేసింది ఏమిటో రెండు వాక్యాలు. ఎన్ఎస్ఎస్ క్యాంపులు, రక్తదాన శిబిరాల్లో పని, తమ్ముళ్లకు చెప్పిన ట్యూషన్ వంటివాటికీ చోటుంది. తెలిసిన భాషలు రాసేచోట తెలుగును మర్చిపోతుంటారు. తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చినవాళ్లు కావలసిన ఉద్యోగాలూ ఉన్నాయి. తప్పకుండా రాయించండి.

సర్టిఫికెట్లు లేవని దిగులు వద్దు. కేంద్ర ప్రభుత్వ స్వయం వేదికలో, ఎన్‌పీటెల్‌లో కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ కాలేజీ పిల్లలకు శిక్షణ ఇస్తాయి. ఒక్క కోర్సు పూర్తిగా నేర్చుకుంటే, సగంలో వదిలేసిన పదింటి కంటే మేలు.

అబద్ధం మాత్రం వద్దు. చేయని ఇంటర్న్‌షిప్ చేసినట్టు, డబ్బిస్తే దొరికే అనుభవ పత్రం నిజమైనట్టు రాయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఉద్యోగం ఇచ్చాక కూడా కంపెనీలు పాత వివరాలు సరిచూస్తాయి. అబద్ధం తేలితే వచ్చిన ఉద్యోగం పోతుంది. అంతకంటే ముందే, రాసుకున్న అబద్ధం గురించి ఎవరు ఎక్కడ అడుగుతారోనన్న భయంతో పిల్లలు ఇంటర్వ్యూ గదిలోకి వెళతారు. ఆ బరువు మనం వాళ్ల నెత్తిన పెట్టకూడదు.

మనవాళ్లు ఎక్కడున్నారు?

"అక్కడ మనకెవరున్నారు" అన్న మాటకు జవాబు కాలేజీ పేజీలో దొరికింది. లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీ తెరిస్తే ఆలమ్నై అనే విభాగం ఉంటుంది. అక్కడ చదివినవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ కంపెనీలో, ఏ పని చేస్తున్నారో చూడొచ్చు. తన కాలేజీ సీనియర్లు హైదరాబాద్‌లో, బెంగళూరులో అంతమంది ఉన్నారని మా చెల్లికి అప్పటిదాకా తెలియదు.

వాళ్లను పలకరించడానికీ ఒక పద్ధతి ఉంది. "సర్, నేను ఫ్రెషర్‌ని, ఏదైనా జాబ్ ఇప్పించండి ప్లీజ్" అని పంపితే జవాబు రావడం కష్టం. అవతలివాళ్ల చేతిలో ఇవ్వడానికి ఉద్యోగం ఉండదు. చెప్పడానికి నాలుగు మాటలు మాత్రం ఉంటాయి. మేం రాసింది ఇది: "నమస్తే అన్నా. మన కాలేజీలోనే ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మీరు ఈసీఈ నుంచి టెస్టింగ్ వైపు ఎలా వెళ్లారో తెలుసుకోవాలని ఉంది. వీలైనప్పుడు రెండు మాటలు చెబితే సంతోషిస్తాను." ఉచిత ఖాతాలో ఇలా సందేశం జోడించి పంపే అవకాశం నెలకు కొద్దిసార్లే ఉంటుంది. కాబట్టి ఎవరికి పంపాలో ఆలోచించుకుని పంపాలి.

ఫలితం అడుగుతారేమో. మా చెల్లికి ఇంకా ఉద్యోగం రాలేదు. పలకరించినవాళ్లలో చాలామంది జవాబివ్వలేదు. ముగ్గురు ఇచ్చారు. అందులో ఒకరు ఆదివారం అరగంట ఫోన్‌లో మాట్లాడి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో, ఇప్పటి నుంచి ఏం చదవాలో చెప్పారు. బంధువు లేని ఇంటికి ఆ అరగంట చిన్నదేమీ కాదు.

జాగ్రత్తలు

ఉద్యోగం వెతికేవాళ్లు ఉన్నచోటుకే మోసగాళ్లూ వస్తారు. మీరు ఇంట్లో గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటే: ఉద్యోగం ఇచ్చేవాళ్లు మనకు డబ్బు ఇస్తారు, మన దగ్గర తీసుకోరు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఖర్చు, పేరు ఏదైనా డబ్బు అడిగితే అక్కడితో ఆపేయాలి. వెంటనే వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో రమ్మని తొందరపెట్టినా అనుమానించాలి. ప్రొఫైల్‌లో ఇంటి అడ్రస్, ఆధార్ నంబర్ పెట్టకూడదు. హాల్‌టికెట్ నంబర్, పుట్టిన తేదీ కనిపించే మెమోల ఫొటోలూ వద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. పొరపాటున డబ్బు పోతే తిట్టి కూర్చోబెట్టకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మీరు తిడతారని పిల్లలు దాచిపెడితే ఆ సమయం కాస్తా పోతుంది.

స్కూలు పిల్లల సంగతి

లింక్డ్‌ఇన్ ఖాతాకు కనీసం 16 ఏళ్లు నిండాలి. కాబట్టి మన హైస్కూలు పిల్లలకు ఇప్పుడే తెరవమని నేను చెప్పను. వాళ్లకు కావలసింది ఒక మామూలు ఫైల్. ఏడాదికి ఒక పేజీ. సైన్స్ ఫెయిర్‌లో ఏం చేశారు, అందులో వాళ్ల పని ఏమిటి, ఏ నెలలో చేశారు. తాతగారి పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో సమర్పించడం, అమ్మ చీటీల లెక్క రాయడం, సెలవుల్లో పొలం దగ్గర కూలీల హాజరు చూసుకోవడం కూడా అందులోకే వస్తాయి. ఒక్కోదానికి ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు వాళ్లే రాయాలి. తప్పులుంటే నోట్‌బుక్ నా దగ్గరకు పంపండి, నేను దిద్దుతాను.

ర్యాంకు రాని పిల్లలు "నేనేం చేశాను గనక" అనే మాట చాలా చిన్న వయసులోనే నేర్చుకుంటారు. ఆరో తరగతిలోనే నాకు వినిపిస్తుంటుంది. వాళ్లు చేసే పనులు రోజూ చూసేది మీరే. ఈ ఆదివారం ఒక పావుగంట పక్కన కూర్చుని మొదటి పేజీ రాయించండి. పైన తేదీ వేయడం మర్చిపోకండి.

అభివందనాలతో,
మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం