తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?

మా గోదావరి జిల్లాల్లో ఏ కష్టం వచ్చినా ముందు పుట్టే ప్రశ్న ఒకటే... 'తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?' ఆస్పత్రిలో మంచం కావాలన్నా, కాలేజీలో సీటు కావాలన్నా, ఆఫీసులో కాగితం కదలాలన్నా అదే మాట. దాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. ఒకరికొకరు సాయం పట్టే ఊళ్లు మావి. కానీ తాగి బండి నడిపి పోలీసులకి చిక్కినప్పుడు కూడా అదే ప్రశ్న అడుగుతాం చూశారూ, అక్కడే నాకు భయం.

ఈమధ్య ఓ మాఘమాసంలో అది మా ఇంట్లోనే జరిగింది. మా పిన్ని కొడుకు వీరవాసరంలో స్నేహితుడి పెళ్లికి వెళ్లాడు. అర్ధరాత్రి మోటార్‌సైకిల్ మీద పాలకొల్లు తిరిగొస్తుంటే పోలీసులు ఆపి, బ్రెత్ ఎనలైజర్‌లో ఊదమన్నారు. 96 అని చూపించింది. చట్టం ఒప్పుకునే హద్దు వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. అంటే మూడు రెట్లకి పైమాటే! వాడికి ముప్పై ఏళ్లు. చేపల చెరువులకి మేత సరఫరా చేస్తాడు. నాలుగేళ్ల కూతురుంది.

ఆ రాత్రి బాబాయి నాకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, నువ్వు పేపర్లో చేస్తున్నావు కదా! పోలీసులు తెలుసుంటారు. కేసు లేకుండా చూడమని ఒక్క మాట చెప్పమ్మా. నలుగురిలో పరువు పోద్ది" అన్నాడు.

నేను ఫోన్ చేశాను. పోలీసులకి కాదు, మాకు తెలిసిన లాయరుగారికి. ఆయన చెప్పినవీ, తరవాత చట్టం ముందేసుకుని నేను చదువుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఫోను మీ ఇంటికి ఎప్పుడూ రాకూడదు. వస్తే మాత్రం ఏం చెయ్యాలో తెలిసుండాలి కదా!

ఆ రాత్రి చెయ్యాల్సినవి

"గాభరా పడకండమ్మా, ఇది బెయిలబుల్ కేసండీ" అన్నది లాయరుగారి మొదటి మాట. అంటే బెయిలు దయాధర్మం కాదు, హక్కు. పూచీకత్తు రాసిచ్చి స్టేషన్ నుంచే బయటికి రావచ్చు. ఎందుకు అరెస్టు చేశారో చెప్పమని అడగొచ్చు. ఇంట్లోవాళ్లకి కబురు చెయ్యమనొచ్చు. నచ్చిన లాయరుతో మాట్లాడొచ్చు. ఇరవైనాలుగు గంటలు దాటి ఉంచాలంటే మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాల్సిందే. ఇవన్నీ తాగి దొరికినవాడికీ ఉన్న హక్కులే.

మోటారు వాహనాల చట్టం 202వ సెక్షన్లో ఇంకో సంగతుంది. తాగి నడిపిన కేసులో అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు చేత పరీక్ష చేయించాలి. లేకపోతే కస్టడీ నుంచి వదిలెయ్యాలి. అందుకే ఎన్నింటికి ఆపారు, ఎన్నింటికి పరీక్ష చేశారు, అంకె ఎంతొచ్చింది... ఈ మూడూ ఇంట్లోవాళ్లు ఓ కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

ఊదనని మొండికేస్తే తప్పించుకోవచ్చని కొందరి లెక్క. సరైన కారణం లేకుండా కాదంటే, ఆ కాదనడాన్నే కోర్టు అతనికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. ఉల్లిపాయ నమలడం, నిమ్మరసం, మజ్జిగ తాగడం లాంటి చిట్కాలూ పనిచెయ్యవు. రక్తంలోని మద్యాన్ని కాలేయం గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే తగ్గిస్తుంది. 96 నుంచి 30కి దిగాలంటే నాలుగు గంటలకి పైనే పడుతుంది. రాత్రి బాగా తాగి, ఓ కునుకు తీసి తెల్లారగట్ల బండెక్కేవాళ్లూ చిక్కేది ఇందుకే.

ఇక చెయ్యకూడనివి. పోలీసులతో వాదనకి దిగొద్దు. 'మా మావయ్య ఎవరో తెలుసా' అనొద్దు. చేతిలో డబ్బు పెట్టబోతే అది ఇంకో నేరం. బండి దగ్గరికి మందు ముట్టని, లైసెన్సున్న మనిషిని పంపండి. తాగి నడిపాడన్న కారణంగా బండిని పోలీసులు తమ దగ్గర ఉంచుకోకూడదనీ, తాగనివాళ్లు వస్తే వాళ్లకి అప్పగించాలనీ తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో చెప్పింది.

ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే మాత్రం పై లెక్కలన్నీ పక్కన పెట్టండి. ముందు ఆ మనిషిని ఆస్పత్రికి చేర్చాలి, పోలీసులకి చెప్పాలి. అది నడిపినవాడి బాధ్యతని చట్టమే అంటోంది. మనిషి పోతే కేసు పూర్తిగా మారిపోతుంది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యం వల్ల ప్రాణం తీసినందుకు శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లకి పెరిగింది.

తెల్లారాక

హెల్మెట్ లేనందుకు చలానా కట్టి వచ్చేసినట్టు కుదరదిక్కడ. కోర్టు మెట్లెక్కాల్సిందే. 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారి దొరికితే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే పదిహేను వేలు, రెండేళ్లు. వాయిదాకి వెళ్లకపోతే వారెంటు రావచ్చు. అప్పుడు చిన్నది పెద్దదవుతుంది. 'తప్పు ఒప్పేసుకుంటే అయిపోద్ది' అని పక్కవాళ్లు అంటారు. ఒప్పుకుంటే శిక్షపడినట్టే రికార్డవుతుంది. కాబట్టి ఆ మాట అనేముందు లాయరుతో కూర్చోవాలి. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవల సంస్థ దారి చూపిస్తుంది. ఆడవాళ్లకీ, ఎస్సీ ఎస్టీలకీ, కస్టడీలో ఉన్నవాళ్లకీ ఆ సాయం ఉచితం.

లైసెన్సు సస్పెండవుతుంది. తాగి నడిపినప్పుడు బండికి జరిగిన నష్టాన్ని బీమా కంపెనీ ఇవ్వదు. ఎదుటివాళ్లకిచ్చిన పరిహారాన్ని కూడా యజమాని దగ్గర వసూలు చెయ్యొచ్చు. మన పిల్లలు చాలామంది ఉంటున్న అమెరికాలో ఇది ఇంకా గట్టి వ్యవహారం. అక్కడ తాగి నడిపి అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేసే విధానాన్ని 2015 నవంబరులో తెచ్చారు. వెంటనే దేశం విడిచి పొమ్మని కాదు గానీ, అమ్మానాన్నల్ని చూడ్డానికి ఇండియా వచ్చినవాళ్లు తిరిగి వెళ్లాలంటే కొత్త వీసా తెచ్చుకోవాలి. దానికి ముందు వైద్య పరీక్ష కూడా ఉంటుంది.

ఆ ఫోను చేసుంటే...

ఇవన్నీ చెబితే బాబాయికి కోపమొచ్చింది. "సొంతవాళ్లకి ఆమాత్రం చెయ్యలేవా?" అన్నాడు. నేను మాట వెతుక్కుంటుంటే మా మరదలే ఫోన్ తీసుకుంది. "వదినా, కేసు లేకుండా చేస్తే మీ తమ్ముడు వచ్చే వారం మళ్లీ ఇలాగే వస్తాడు. ఇటు కాలవ, అటు చెరువు. ఏదో ఓ రాత్రి పోలీసులు ఆపరు" అంది.

2016 జులైలో హైదరాబాద్ పంజాగుట్టలో జరిగింది గుర్తుందా? మందు తాగిన ఇంజనీరింగ్ విద్యార్థి నడిపిన కారు డివైడర్ దాటి మరో కారు మీద పడింది. బడి నుంచి ఇంటికెళుతున్న చిన్నారి, ఆమె బాబాయి ప్రాణాలు పోయాయి. ఆ కుర్రాణ్ని పావుగంట ముందు ఎవరైనా ఆపి తాళం లాక్కుని ఉంటే... అతని ఇంట్లోనూ తెలిసినవాళ్ల కోసం వెతుకులాట మొదలయ్యేదేమో. పరువు పోయిందనీ ఏడ్చేవారేమో. ఆ పాప మాత్రం బతికుండేది.

అందుకే అంటాను, ఏ దెబ్బా తగలకుండా పోలీసులు ఆపిన రాత్రి అదృష్టం కలిసొచ్చిన రాత్రి. సిఫార్సుతో దాన్ని తుడిచేస్తే ఆ అదృష్టాన్ని మన చేతుల్తో మనం పారేసుకున్నట్టే.

వాయిదా రోజున మరదలు కూడా కోర్టుకి వెళ్లింది. జరిమానా కట్టారు. లైసెన్సు మూడు నెలలు పోయింది. మేత బస్తాల వ్యానుకి జీతమిచ్చి డ్రైవరుని పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ జీతం వాడికి జరిమానా కన్నా ఎక్కువ నొప్పి పుట్టించింది. హైదరాబాద్‌లో తాగి దొరికినవాళ్లని ఇంట్లోవాళ్లతో కలిసి ట్రాఫిక్ పోలీసుల కౌన్సెలింగ్‌కి రమ్మంటారు. మా ఇంట్లో ఆ పని మరదలే చేసింది. రాత్రి పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు బండి తాళం ఇంట్లో మేకుకి తగిలించే వెళ్లాలి. అది ఆవిడ పెట్టిన షరతు. వాడు ఒప్పుకున్నాడు. ఇప్పటిదాకా తప్పలేదు.

అందరికీ తాళం దాచినంత మాత్రాన సరిపోదు. రోజూ తాగందే గడవని మనిషైతే కేసు ఒక్కటే ఆపలేదు. అలాంటివాళ్లు ఉన్నట్టుండి మానేసినా వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మద్యం మాన్పించే సలహాల కోసం 14446 నంబరుంది. ఫోన్ చెయ్యడానికి పైసా ఖర్చులేదు.

బాబాయి నాతో నెలన్నర మాట్లాడలేదు. ఆమధ్య ఓ పెళ్లి పనుల్లో కలిసినప్పుడు మాత్రం, "రాత్రికి రెండు ఆటోలు మాట్లాడి ఉంచండ్రా, కుర్రాళ్లని ఇళ్ల దగ్గర దింపుతాయి" అని పెళ్లివారికి చెబుతుంటే విన్నాను. నిజమే కదా! వెయ్యిమంది భోజనాలకి బూరెలు లెక్కేసి వండించేవాళ్లం, రెండు ఆటోల బాడుగ లెక్కేసుకోలేమా?